మొదటి స్ట్రెయిట్ రేజర్: ముందు నూరింది ఎవరో అడగండి, మిగతాది తర్వాత

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నా, చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కదా. ఇన్నాళ్ళూ కార్ట్రిడ్జ్ రేజర్‌తో షేవ్ చేసుకుంటున్నారు, గడ్డం బాగా బిరుసు, ఇప్పుడు స్ట్రెయిట్ రేజర్‌కి, అంటే పిడిలోకి మడిచే పాతకాలపు మంగలి కత్తికి మారాలని ఉంది. బ్లేడు 7/8 అంగుళం వెడల్పు, చివర సూదిగా ఉండి బ్లేడు మీద బంగారు రంగు డిజైన్ ఉన్న కత్తి ఒకటి నచ్చింది. అది తీసుకోవాలా, లేకపోతే దొరికేవాటిలో అన్నిటికన్నా చవకది కొని దానిమీద చెయ్యి తిరిగాక మంచిది కొనాలా అని.

నా మాట వింటే రెండూ వద్దు బ్రదర్. 5/8 గానీ 6/8 గానీ వెడల్పు, గుండ్రటి మొన, కార్బన్ స్టీలు, పిడి సాదా ప్లాస్టిక్ అయినా పర్లేదు, నూరడం తెలిసిన మనిషి చేత్తో నూరి షేవ్‌కి సిద్ధం అని చెప్పి పంపే కత్తి కొనండి. ఇందులో మిగతావన్నీ కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు, ఆ చివరిది మాత్రం సర్దుకోలేం. ఎందుకో చెప్తా.

కొత్తలో షేవ్ సరిగ్గా రాకపోతే తప్పు మూడుచోట్ల ఉండొచ్చు. చేతిలో, నురగలో, కత్తిలో. చెయ్యి ఎలాగూ కొత్తదే, బ్రష్షుతో సబ్బు నురగ తియ్యడం కూడా చాలామందికి అప్పుడే మొదలు. ఈ రెండూ చేస్తూ చేస్తూ వచ్చేవే, దానికి అడ్డదారి లేదు. ఇక కత్తి పదును మీద కూడా అనుమానం ఉంటే ఏది దిద్దుకోవాలో తెలియదు, కోణం మారుస్తారు, సబ్బు మారుస్తారు, ఇంకాస్త గట్టిగా నొక్కుతారు, నొక్కితే తెగుతుంది. అందుకే మూడింట్లో ఒక్కటైనా, కత్తి ఒక్కటైనా, ఏ అనుమానం లేకుండా చేతికి రావాలి.

ఇది నేను అనుభవించి చెప్తున్నా. నేను మొదట కొన్నది తళతళ మెరిసే కత్తి, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మింది, ఫోటోలో చాలా అందంగా ఉంది. మూడు వారాలు ప్రయత్నించా. ప్రతిసారీ చెంప మంట, మెడ మీద ఎర్రగా దద్దు, వెంట్రుక తెగుతున్నట్టు ఉండేది కాదు, పీకుతున్నట్టు లాగేది. కనపడిన ప్రతి వీడియో చూశా, వేడినీళ్ళ గుడ్డ పెట్టుకున్నా, చివరికి నా చేతికి ఇది రాదు అనుకుని పెట్టెలో పడేశా. కొన్ని నెలల తర్వాత, ఏళ్ళ తరబడి కత్తులు నూరుతున్న పెద్దాయన ఒకాయన దాన్ని చూపించమని అడిగి, ఒక గాజుపలక మీద పడుకోబెట్టి మొన వైపు వేలితో నొక్కారు. పిడి దగ్గరి చివర పైకి లేచింది. రెండోవైపు తిప్పి పెడితే మధ్యలో ఖాళీ. బ్లేడు మెలి తిరిగి ఉంది. అలాంటిదాన్ని ఏ రాయి మీద రుద్దినా వాదర, అంటే కోసే అంచు, పొడుగునా రాయికి ఆనదు, ఆనని చోట పదును ఎక్కదు. ఆయన తన పాత 5/8 కత్తి ఒకటి చేతికిచ్చి దీంతో చెంపలు మాత్రం గీసి చూడు అన్నారు. అదే చెయ్యి, అదే సబ్బు. వెంట్రుకలు తెగుతున్న సన్నటి చప్పుడు వినపడింది, లాగుడు లేనే లేదు. నాకు రాదు అని అప్పుడు వదిలేసిన సంగతి తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే అలాగే వదిలేసి మళ్ళీ ఇటువైపు రానివాళ్ళని నేను చూశా, వాళ్ళల్లో చాలామందికి చేతిలో లోపమేమీ లేదు.

ఇప్పుడు "షేవ్‌కి సిద్ధం" అనే మాట గురించి. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన కత్తి చాలావరకు షేవ్‌కి సిద్ధంగా ఉండదు, మంచి పేరున్న కంపెనీదైనా సరే. చూడ్డానికి పదునుగానే ఉంటుంది, కాగితం కోస్తుంది, చేతి మీద వెంట్రుకలు కూడా గీస్తుంది, కానీ మొహానికి కావలసిన నునుపు వేరు. నూరేవాళ్ళు సాధారణంగా 1000 గ్రిట్ రాయి మీద వాదరకి రెండువైపులా కోణం సరిగ్గా కలిసేలా చేస్తారు, తర్వాత 4000, 5000 ఆ చుట్టుపక్కల రాళ్ళు, తర్వాత 8000, చివర 12000 గానీ బెల్జియంలో దొరికే కోటికుల్ లాంటి సహజమైన రాయి గానీ. నంబరు పెరిగేకొద్దీ రాయి సన్నం, గీతలు సన్నం, వాదర నునుపు. అందులో అసలు ప్రాణం మొదటి మెట్టులో ఉంది. అక్కడ రెండు పక్కలూ మొన నుంచి పిడి దాకా ఎక్కడా వదలకుండా కలవకపోతే పైన ఎన్ని సన్నరాళ్ళు వాడినా మెరుపు వస్తుంది, పదును రాదు. కాబట్టి అమ్మేవాళ్ళని "పదునుగా ఉందా" అని అడగొద్దు, అందరూ ఉందనే చెప్తారు. "ఎవరు నూరారు, ఏ రాయితో మొదలెట్టి ఏ రాయితో ఆపారు, నూరాక షేవ్ చేసి చూశారా" అని అడగండి. నిజంగా నూరినవాళ్ళు సంతోషంగా, మీరు అడగనిది కూడా చెప్తారు.

ఈ కత్తి తయారీలో నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది, అది తెలిస్తే కొనేటప్పుడు మీకే పనికొస్తుంది. వంటింటి చాకు నూరేటప్పుడు కోణం మన చేతిలో ఉంటుంది, ఈ కత్తికి అలా కాదు. రాయి మీద పడుకోబెడితే వెన్ను, వాదర రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. అంటే కోణాన్ని వెన్నే పట్టి ఉంచుతుంది. వెన్ను మందం ఎంత, బ్లేడు వెడల్పు ఎంత అన్నదాన్ని బట్టి కోణం తయారుచేసిన రోజే ఖాయం అయిపోతుంది, మామూలుగా అది 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొలవడం చాలా తేలిక. వెడల్పుని వెన్ను మందంతో భాగిస్తే సుమారు మూడున్నర రావాలి. ఉదాహరణకి 5/8 అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు, దాదాపు 16 మిల్లీమీటర్లు, దానికి వెన్ను నాలుగున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. భాగిస్తే 3 వచ్చిందనుకోండి, కోణం 19 డిగ్రీల దాకా పోతుంది, మొద్దుగా అనిపిస్తుంది. 4 దాటితే 14 డిగ్రీలకి దిగుతుంది, వాదర మరీ సన్నం అయిపోయి త్వరగా చెదురుతుంది. పాత కత్తులు అడ్డదిడ్డంగా నూరి నూరి వెన్ను అరిగిపోయినప్పుడు ఇదే జరుగుతుంది. అమ్మేవాళ్ళని ఈ రెండు కొలతలు అడగడానికి మొహమాటపడొద్దు.

వెడల్పు సంగతి కూడా ఇక్కడే. 4/8 చిన్నది, బాగా తిరుగుతుంది కానీ నురగ కొంచెం పట్టగానే నిండిపోతుంది, మాటిమాటికి కడుక్కోవాలి. 7/8, 8/8 బరువుగా, నిబ్బరంగా ఉంటాయి, గడ్డం మీద హాయిగా దిగుతాయి, కానీ ముక్కు కింద, పెదవి పైన చోటు చాలదు, పైగా అంత వెడల్పాటి బ్లేడు కింద ఏం జరుగుతోందో కొత్తవాళ్ళకి అద్దంలో కనపడదు. మీ గడ్డం బిరుసు అన్నారు కాబట్టి నేనైతే 6/8 అంటా. మొహం చిన్నదైతే 5/8. ఈ రెండింటి మధ్య ఊరికే తలపట్టుకోవద్దు, ఏది మంచి నూరుడుతో దొరికితే అది.

బ్లేడు పక్కలు లోపలికి ఎంత గుల్లగా చెక్కారు అన్నది ఇంకో విషయం, హాలో గ్రైండ్ అంటారు. ఫుల్ హాలో అంటే పక్కలు బాగా లోపలికి పోయి వాదర దగ్గర రేకులా పల్చగా ఉంటుంది, వెంట్రుక తెగుతుంటే మోగుతుంది, ఆ చప్పుడు నిజంగానే గురువులా పనిచేస్తుంది, కోణం తప్పితే చప్పుడు మారిపోతుంది. హాఫ్ హాలో కొంచెం మందం, గట్టిగా నిలబడుతుంది, బిరుసు గడ్డంలో వంగదు. వెడ్జ్ అంటే పక్కలు గుల్ల లేకుండా వెన్ను నుంచి వాదర దాకా తిన్నగా వాలేది, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి పాత కత్తులు చాలావరకు దానికి దగ్గరగా ఉంటాయి, గీతకి అద్భుతం కానీ రాయి మీద చాలా ఇనుము అరగాలి, మొదటి కత్తిగా వద్దు. మీకు హాఫ్ హాలో గానీ ఫుల్ హాలో గానీ రెండూ సరే. ఎక్స్‌ట్రా హాలో అని ఇంకా పల్చటివి ఉంటాయి, చెయ్యి కుదురుకున్నాక చూద్దురుగాని.

మొన గురించి మాత్రం నేను గట్టిగా చెప్తా. మీకు నచ్చిన కత్తికి సూది మొన ఉంది. అది మీసం అంచు దిద్దుకునేవాళ్ళకి, గీత ఖచ్చితంగా కావలసినవాళ్ళకి పనికొస్తుంది. కొత్తవాళ్ళ కళ్ళు వాదర మధ్యభాగం మీద ఉంటాయి, ఆ సమయంలో మొన చెవి తమ్మె దగ్గరో ముక్కుపుటం పక్కనో ఎక్కడుందో చూడరు. గుండ్రటి మొన తగిలితే జారిపోతుంది, సూది మొన తగిలితే దిగుతుంది. తేడా అంతే, కానీ ఆ తేడా రక్తంలో ఉంటుంది. ఇప్పటికే సూది మొనది కొనేసినవాళ్ళు ఉంటే కంగారుపడకండి, నూరేవాళ్ళకి ఇచ్చి ఆ మూల కొంచెం మొద్దు చెయ్యమంటే చేస్తారు, రెండు నిమిషాల పని.

స్టీలు విషయంలో జనం చేసే చర్చంతా నాకు ఎక్కువ అనిపిస్తుంది. కార్బన్ స్టీలు రాయి మీద తేలిగ్గా పదును ఎక్కుతుంది, తడి వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పుకి తట్టుకుంటుంది, నూరడం కాస్త మొండి. మంచి కంపెనీ చేసిన స్టెయిన్‌లెస్ మంచిదే. పేరూ ఊరూ లేకుండా స్టెయిన్‌లెస్ అని మెరుస్తూ వచ్చే సెట్లతోనే ఇబ్బంది, వాటిల్లో చాలా వాటికి స్టీలు సరిగ్గా గట్టిపడి ఉండదు, కత్తి ఆకారంలో ఉన్న వస్తువు తప్ప కత్తి కాదు. అలల్లా డిజైన్ ఉండే డమాస్కస్ కత్తులూ అంతే, పేరున్న పనివాళ్ళవి వేరు, చవకగా వచ్చేవి వేరు. ఇక బ్లేడు మీద బంగారు పూత అన్నారు కదా, అది రుద్దుడుకి, తుడుపుకి పోతుంది, దానికోసం డబ్బు పెట్టొద్దు. పిడికి కూడా అంతే, ప్లాస్టిక్ అయితే నీళ్ళకి ఏమీ కాదు. కొమ్ము పిడి అందంగానే ఉంటుంది, కానీ ఎండి వంగుతుంది, పురుగు కూడా పడుతుంది. చూడాల్సింది ఒక్కటే, మూసినప్పుడు బ్లేడు రెండు పిడి రేకుల సరిగ్గా మధ్యలోకి దిగాలి, ఏ పక్కకీ తగలకూడదు, తెరిచి పట్టుకుంటే కీలు దగ్గర వదులుగా ఊగకూడదు.

కంపెనీల పేర్లు అడుగుతారని తెలుసు. జర్మనీలో సోలింగెన్ ఊరు శతాబ్దాలుగా కత్తులకి పేరు, 1938 నుంచి ఆ పేరుకి చట్టరక్షణ కూడా ఉంది, అక్కడ తయారైన వాటిమీదే ఆ ముద్ర వెయ్యాలి. 1869లో మొదలైన బోకర్, 1906లో మొదలైన డోవో అక్కడివే, రాల్ఫ్ ఆస్ట్ అనే చిన్న వర్క్‌షాప్ పేరు కూడా అక్కడిదే. ఫ్రాన్స్‌లో తియేర్ ఊరి తియేర్ ఇస్సార్ ఉంది, 1884 నాటిది. వీటిల్లో సాదా మోడల్ ఏదైనా మొదటి కత్తికి సరిపోతుంది, ఖరీదైన మోడల్‌కి డబ్బు ఎక్కువగా పోయేది పిడికీ అలంకారానికీ. చైనా గోల్డ్ డాలర్ గురించి కూడా అడుగుతుంటారు. స్టీలు ఫర్వాలేదు, కానీ పిడి దగ్గర, వెన్ను దగ్గర చెక్కుడు సమంగా ఉండదు, రాయి మీద బాగా దిద్దుకోవాలి. నూరడం నేర్చుకునేవాళ్ళకి అది మంచి అభ్యాసం, షేవ్ నేర్చుకునేవాళ్ళకి కాదు. మీరు రెండోదాంట్లో ఉన్నారు.

పాత కత్తులంటే నాకు ప్రాణం, నా దగ్గర రోజూ వాడేవన్నీ పాతవే. 1900ల మొదట్లో గిల్లెట్ సేఫ్టీ రేజర్ వచ్చేదాకా ఇంట్లో గడ్డం గీసుకునేవాళ్ళకి ఎక్కువగా ఈ కత్తే ఆధారం, అందుకే షెఫీల్డ్, సోలింగెన్ కత్తులు ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి, నూరి బాగుచేసి అమ్మేవాళ్ళ దగ్గర కొంటే కొత్తదానికి ఏమాత్రం తీసిపోవు. కానీ పాత సామాన్ల దుకాణంలో దొరికింది కదా అని తెచ్చేసుకోవద్దు. ఫోటోలో వెన్ను మీద రాయి అరుగుడు పట్టీ చూడండి, అది సన్నగా రెండువైపులా సమంగా ఉండాలి, ఒకచోట వెడల్పుగా ఒకచోట సన్నగా ఉంటే బ్లేడు మెలికైనా తిరిగి ఉండాలి, ఎవరో అడ్డంగా నూరైనా ఉండాలి. వాదర తిన్నగా ఉండొచ్చు, కాస్త బయటికి ఉబ్బి నవ్వుతున్నట్టు ఉన్నా పర్లేదు, లోపలికి కుంగి ఉంటే మాత్రం వదిలెయ్యండి, మధ్యలో రాయికి తగలదు. వెన్ను మీద నల్లమచ్చలు ఉంటే ఉండనివ్వండి, వాదర మీద చిన్న గుంట ఉన్నా వద్దు, నూరే కొద్దీ అక్కడే విరుగుతుంది. సన్నటి పగులు ఎక్కడున్నా వద్దు. పాత సెల్యులాయిడ్ పిడి ఉంటే ఇంకో జాగ్రత్త, అది పాతబడి కుళ్ళడం మొదలైతే వచ్చే ఆవిరికి బ్లేడు తుప్పు పడుతుంది, పిడిలో దాక్కునే భాగంలోనే తుప్పు గుంపుగా ఉంటే కారణం అదే అయ్యుండొచ్చు.

షావెట్‌తో మొదలెట్టొచ్చా అని కూడా చాలామందికి ఉంటుంది, అంటే మామూలు బ్లేడు సగానికి విరిచి పెట్టుకునేది. బార్బర్లు దాన్ని వాడేది మనిషికో కొత్త బ్లేడు మార్చొచ్చని, అది శుభ్రతకి సంబంధించిన మంచి కారణం. కానీ నేర్చుకోడానికి అది తేలిక కాదు. తేలిగ్గా, బరువు లేకుండా ఉంటుంది, విరిచిన బ్లేడు మూలలు పదునుగా బయటికి ఉంటాయి, చిన్న పొరపాటుకి కూడా వెంటనే కోస్తుంది. దాంతో నాలుగు గాట్లు పడి, అసలు కత్తి ఇంకెంత ప్రమాదమో అని భయపడి మానేసినవాళ్ళున్నారు. అసలు కత్తి బరువుతో, నునుపు వాదరతో నిజానికి దానికన్నా నెమ్మదైనది. జపాన్ వాళ్ళ కమిసోరి అని మడత లేని కత్తి ఉంటుంది, రెండు పక్కలూ ఒకలా చెక్కరు, అది చాలా తర్వాతి సంగతి.

కత్తితో పాటు తప్పకుండా కొనాల్సింది తోలుపట్టా, స్ట్రాప్. రాళ్ళు ఇప్పుడే వద్దు, కనీసం ఆరు నెలలు ఆ వైపు చూడకండి. నూరడం వేరే విద్య, రెండూ ఒకేసారి మొదలెడితే మళ్ళీ అదే గొడవ, తప్పెక్కడుందో తెలియదు. కత్తి, పట్టా, పేస్టు, రాయి అన్నీ కలిపి ఒకే పెట్టెలో ఇచ్చే సెట్లు కూడా వద్దు, అందులో ఏ ఒక్కటీ సరిగ్గా ఉండదు. పట్టా రెండున్నర, మూడు అంగుళాల వెడల్పు ఉండాలి, ఒకవైపు గుడ్డ, ఒకవైపు తోలు. మొదటి పట్టా మీద గాట్లు పడటం దాదాపు ఖాయం, అందుకే ఇక్కడ మాత్రం సాదాది కొనండి. షేవ్‌కి ముందు గుడ్డ మీద ఓ 20, 30 సార్లు, తోలు మీద ఓ 50 సార్లు. వెన్ను ముందు, వాదర వెనక, పట్టా బిగుతుగా, చేతి బరువు దాదాపు లేకుండా, చివరికి వచ్చాక కత్తిని పైకి ఎత్తకుండా వెన్ను మీద దొర్లించి వెనక్కి. స్పీడు అస్సలు అక్కర్లేదు. వాదర ఆనుతుండగా తిప్పితే అది మడుచుకుపోతుంది, మొదటి వారం హాయిగా తెగిన కత్తి రెండో వారానికి లాగుతోందంటే చాలాసార్లు కారణం ఇదే, కత్తి పాడైపోయిందని కాదు. అప్పుడు నూరేవాళ్ళకి మళ్ళీ పంపి, కొన్నిరోజులు పాత బెల్టు ముక్క మీద, వెన్న రాసే మొద్దు కత్తితో దొర్లించడం అలవాటు చేసుకోండి. పట్టా పని చక్కగా ఉంటే ఒకసారి నూరిన వాదర నెలల తరబడి నిలబడుతుంది.

వేలితో పదును చూసే అలవాటు ఉంటే మానుకోండి, వేలికీ మంచిది కాదు, వాదరకీ మంచిది కాదు. వాడాక కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి అద్ది, కాసేపు తెరిచే ఉంచి, స్నానాల గది బయట పెట్టండి. కొన్నిరోజులు వాడకపోతే సన్నగా మినరల్ ఆయిల్ రాస్తే చాలు. కీలులోకి నీళ్ళు పోకుండా చూడండి, తుప్పు ముందు పట్టేది అక్కడే, పైకి కనపడదు కూడా.

మొదటి రెండు వారాలు చెంపలు మాత్రమే. గడ్డం కింద, పెదవి పైన మీ పాత రేజర్‌తోనే కానివ్వండి. చర్మం రెండో చేత్తో బాగా సాగదీసి, వెన్నుకీ చర్మానికీ మధ్య ఒకటి రెండు వెన్ను మందాల ఖాళీ ఉంచి, వెంట్రుక వాలు వైపే చిన్న చిన్న గీతలు. కత్తి ఎప్పుడూ వాదర పొడుగు వెంట, అంటే కూరగాయ తరిగినట్టు పక్కకి జరగకూడదు, లోతుగా తెగేది అలాగే.

ఇంకో మాట, ఇది చాలామంది చెప్పరు. కత్తి ఇంటికొచ్చిన రోజు కొత్త పట్టా చేతిలో ఉందని దానిమీద పెట్టేయొద్దు. నూరినాయన పంపింది పంపినట్టే మొదటి షేవ్ చెయ్యండి, ఆయన పట్టా మీద తిప్పే పంపిస్తారు. మంచి పదును ఎలా ఉంటుందో మీ చెంపకి తెలియాలి, మీ చెయ్యి దానిమీద పడకముందే తెలియాలి. రెండో షేవ్ నుంచి పట్టా మొదలెట్టి, ఏదైనా తేడా అనిపిస్తే ఆ మొదటిరోజుతో పోల్చుకోండి. కొనేముందు కత్తి ఫోటోలు, రెండు కొలతలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.